ఎండకాలపు పాదరక్షలు : మన చెన్నపట్టణపు కథ

వేసవిలో చేయదగిన దానములలో మన పెద్దలు గొడుగును, పాదరక్షలను చేర్చిరి. ఇందుకు మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు ఒక కథ కలదు. జమదగ్ని మహర్షి క్రీడగా బాణములు వేయుచుండగా, రేణుకాదేవి వానిని ఏరి తెచ్చుచుండెను. అది జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. తలయు పాదములును మాడగా ఆమె చెట్టునీడ నించుక నిలిచి ఆలస్యముగ వచ్చెను. కారణము విన్న ముని సూర్యునిపై విల్లెత్తెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున వచ్చి శరణు వేడి, గొడుగును చెప్పులజతను ఇచ్చి ఆ కోపమును చల్లార్చెను. పాదరక్ష పుట్టినది అలంకారమునకు కాదనియు, ఎండలో పాటుపడు ఇల్లాలి కాలికొరకనియు ఈ కథవలన తెలియుచున్నది.

తెలుగున పాదరక్షకు పేళ్ళు పెక్కు. చెప్పులు, ముచ్చెలు, పావుకోళ్ళు, నడచునపుడు చప్పుడు చేయు కిర్రుచెప్పులు. తిరుపతికి పోవు మనలో, అలిపిరికడ పాదాలమండపమున లోహపు పాదుకలను తలనిడుకొని ప్రదక్షిణము చేయువారిని చూడనివారరుదు. అయినను స్వామి పాదుకను తలదాల్చిన మనమే చెప్పు కుట్టిన చేతిని ఊరివెలుపల నుంచితిమి. ఎన్నో పల్లెలలో, తాను కుట్టిన చెప్పులు తొడుగుకొని పెద్దకులముల వీధిలో నడచుటకు ఆ పనివానికి అనుమతి లేకుండెను. ఇది మన చరిత్రలో దాచదగని మచ్చ.

చెన్నపట్టణమునకు తోలువర్తకము పాతది. తంగేడు పట్టతోను, కరక్కాయతోను పదును చేసిన తోళ్ళు ఇచటి రేవునుండి ఓడలకెక్కెను. పెరియమేడు నేటికిని ఆ వర్తకమునకు పేరుపొందిన పేట. 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్సునందు క్రోము పద్ధతిని పరీక్షించెను. పిమ్మట పల్లావరము దాపున వెలసిన క్రోముతోలు కర్మాగారమువలననే క్రోంపేటకు ఆ పేరు వచ్చెను. 1948లో అడయారున కేంద్ర చర్మ పరిశోధనాలయము స్థాపింపబడెను. ఈ వృత్తిలో మెలగిన అరుంధతీయులలో అనేకుల ఇంటిభాష తెలుగే. 1920లలో మదరాసు శాసనమండలి సభ్యుడుగ నుండి ఆ కులపు పిల్లల చదువునకై పాటుపడిన ఎల్. సి. గురుస్వామి వారిలోనివాడు. ఈ నగరపు తెలుగువారి చరిత్ర వ్రాయునపుడు దుబాసీలను, వర్తకులను తలచి, వీరిని మరచుట న్యాయము కాదు.

చింతాద్రిపేటలోని మా యింటికి నా చిన్నతనమున ఏటేట చిత్తిరైలో ఒక వృద్ధుడు వచ్చెడివాడు. మాతో తెలుగే మాటాడెడివాడు. మా నాయనగారిని కాగితముపై నిలువబెట్టి, పెన్సిలుతో పాదముచుట్టు గీత గీచెడివాడు. కుడికాలికొక కొలత, ఎడమకాలికొక కొలత. అడుగు దళసరి తోలు, బొటనవ్రేలికి ఉంగరము, వెనుక మడమను పట్టు వారు. “కాలు చెప్పును మోయరాదు బాబూ, చెప్పే కాలును మోయవలె” అనెడివాడు. మేము అతనిని అరుగుపై కూర్చుండుమని ఎన్నడును అనలేదు. ఇపుడు తలచుకొనిన సిగ్గగుచున్నది.

పిమ్మట హవాయి చెప్పులు వచ్చెను. జపానువారి గడ్డిచెప్పుల పోలికను రబ్బరుతో చేసిన యీ చెప్పు, రెండవ ప్రపంచయుద్ధానంతరము లోకమంతట వ్యాపించెను. వెల తక్కువ, తడిసినను చెడదు. స్నానపు గదికి అది తగినదే. కాని నేను గుమాస్తాగిరి విడిచిన పిమ్మట వేసవి యంతయు దానితోనే తారురోడ్లపై తిరిగితిని. మూడవ యేట, తెల్లవారి మంచము దిగి అడుగిడగానే మడమలో మేకు దిగినట్లుండెను. వైద్యుడు నా కాలికంటె ముందు నా చెప్పులను తిరగవేసి చూచెను. మడమచోటు అరిగి కాగితమంత పలుచనై యుండెను.

ఆయన చెప్పినది తేట. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. మడమనుండి వ్రేళ్ళ మొదళ్ళవరకు నారవంటి గట్టిపట్టీ ఒకటి అరికాలి వంపును నిలుపుచున్నది. పట్టులేని చదును చెప్పు జారిపోకుండుటకై వ్రేళ్ళు అడుగడుగున దానిని బిగబట్టవలెను. ఆ శ్రమయు, నేల తాకిడియు కూడి వయసు మీరినవారి పట్టీని నొప్పించును. 2008లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయమువారు పరిశీలింపగా, ఇట్టి చెప్పులతో నడచువారి అంగలు పొట్టివగుట కానవచ్చెను.

పిల్లల సంగతి వేరు. మన దేశమున 2,300 మంది బాలబాలికలను పరీక్షించి 1992లో ప్రకటించిన పరిశోధనలో, పాదరక్షలు తొడుగువారిలో నూటికి 8.6 మందికిని, వట్టికాళ్ళవారిలో 2.8 మందికిని చదునుపాదము ఉండెను. మూసిన బూట్లవారిలో అది హెచ్చు. కావున చల్లని మెత్తని నేలపై పిల్లలను వట్టికాళ్ళతో ఆడనిచ్చుట మేలే.

చెప్పులోని రాయి పెట్టు బాధను వేమన చెప్పెను. ఆ బాధ తెలియుట మన భాగ్యము. కొల్లికొండలలో పుట్టిన ఆంగ్ల శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చెను. స్పర్శ కోల్పోయిన కుష్ఠురోగుల పాదములందు పుండ్లు పడుటకు, నడకలో ఒకేచోట మాటిమాటికి పడు ఒత్తిడియే ముఖ్యకారణమని ఆయన గ్రహించెను. చెప్పులు కుట్టువారిని చేరదీసి, సన్నని గాలిబుడగలుగల మెత్తని రబ్బరుతో పాదరక్షలు చేయించెను. వైద్యుని విద్యయు చెప్పులవాని విద్యయు అచట ఒక్క బల్లయొద్ద కూర్చుండెను. ఆ మార్గమే నేడు మధుమేహ రోగులకును ఉపకరించుచున్నది.

మన యిండ్లలో మధుమేహము లేని యిల్లు అరుదు. 2003 మే 31న ఈ నగరమున 45 డిగ్రీల వేడి నమోదయ్యెను. అట్టి యెండలో గుడి బండలపై ప్రదక్షిణము చేయు పెద్దలకు పాదము కాలినను తెలియకపోవచ్చును. వారు ఉదయమో సాయంత్రమో దర్శనము చేసికొనవలెను. ప్రతిదినము అరికాలు చూచుకొని, చెప్పులు దులిపి తొడుగుకొనవలెను. కొనునపుడు మడమకు వారు, వ్రేళ్ళకు చోటు, నడుమ మడతపడని అడుగు చూడవలెను. సాయంకాలమునకు పాదము కొంచెము ఉబ్బును. కావున కొలత అపుడే చూచుకొనవలెను.

సూర్యుడు రేణుకకు ఇచ్చిన చెప్పులు ఎండను ఆపెను. కాలిని మోయు చెప్పును మనకు ఇచ్చినవాడు మాత్రము మన వీధిచివర కూర్చుండిన మనుష్యుడే. ఈ వేసవిలో ఇంటి పెద్దలకు మంచి పాదరక్షలు కొనిపెట్టుదము. మన వాకిట ఇంకను చెప్పులు కుట్టువాడెవడైన కానవచ్చిన, అరుగుపై కూర్చుండుమని చెప్పుదము.