కూలిన గోడ మోసుకొచ్చిన కబురు: బెణికితే వాపు ఎందుకొస్తుంది?

కాలు బెణికిందనుకోండి. చర్మం చిట్లలేదు, రక్తం రాలేదు, క్రిములు లోపలికి వెళ్ళే దారే లేదు. అయినా గంట తిరక్కుండా చీలమండ బూరెలా వాచిపోతుంది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని ఈ నాలుగు లక్షణాలనీ క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. క్రిములే లేనప్పుడు, దెబ్బ తగిలిందన్న కబురు ఒంటికి ఎవరు చెప్పారు? ఈ రోజు ఎపిసోడ్ ఆ కబురు చరిత్ర గురించే.

మన ఒళ్ళంతా కణాలే అని స్కూల్లో చదువుకున్నాం. కానీ కణాల మధ్య ఉన్నది ఖాళీ కాదు. కొలాజెన్, ఎలాస్టిన్ లాంటి ప్రొటీన్లు, పొడవాటి చక్కెర గొలుసులు కలిసిన అల్లిక అది. పేరు ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్. ఇటుకల మధ్య సిమెంటు లాంటిదిలే అని చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

1934లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు పశువుల కంట్లోని జిగురు నుంచి ఒక చక్కెర గొలుసుని వేరుచేశారు. గ్రీకులో హయాలోస్ అంటే గాజు. అందుకే దానికి హయాలురోనిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అవును, ఫేస్ సీరమ్ సీసాల మీద మీరు చూసేది ఇదే. దీన్నే హయాలురోనన్ అని కూడా అంటారు.

అసలు మలుపు 1985లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో డేవిడ్ వెస్ట్, శాంత్ కుమార్ బృందం ఈ గొలుసుని చిన్న ముక్కలు చేసి, పొదిగిన కోడిగుడ్డు లోపలి పొర మీద పెట్టింది. అక్కడ కొత్త రక్తనాళాలు మొలిచాయి. 1996లో అమెరికాలో పాల్ నోబుల్ బృందం ఇంకో సంగతి చూపించింది. ముక్కలు తగిలితే ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లు, అంటే కాపలా కణాలు, తోటి రక్షణ కణాలని పిలిచే సంకేతాలు తయారుచేస్తాయి. తెగని పొడవాటి గొలుసు తగిలితే అలా చేయవు. పదార్థం ఒకటే, పొడవు మారితే అర్థం మారిపోతోంది! గోడ నిలబడి ఉన్నంతసేపు అంతా క్షేమం. పెళ్ళలు రాలాయంటే ఎక్కడో కూలినట్టు.

ఈ మధ్యలోనే, 1994లో, పాలీ మాట్జింగర్ ఒక వాదన ముందుకు తెచ్చింది. రక్షణ వ్యవస్థ చూసేది ‘నాదా, పరాయిదా’ అని కాదు, ‘ప్రమాదమా, కాదా’ అని. తన పెంపుడు కుక్క పేరుని పరిశోధన పత్రంలో సహరచయితగా వేసిన మనిషి ఈవిడే! మ్యాట్రిక్స్ ముక్కలు ఆ వాదనకి చక్కగా సరిపోయాయి.

సరే, ఈ ముక్కల్ని వినే చెవులు మూసేస్తే వాపు పోతుంది కదా? ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది.

2002లో సీడీ44 అనే గ్రాహకం లేని ఎలుకల ఊపిరితిత్తులని బ్లియోమైసిన్ అనే మందుతో గాయపరిచారు. ముక్కలని ఎత్తిపోసే దారి లేక అవి పేరుకుపోయాయి, వాపు తగ్గనే లేదు, ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. 2005లో టీఎల్ఆర్2, టీఎల్ఆర్4 అనే రెండు ‘చెవులూ’ లేని ఎలుకల మీద చూశారు. వాపు కణాలు తక్కువే వచ్చాయి, కానీ ఊపిరితిత్తులు ఇంకా ఎక్కువ దెబ్బతిన్నాయి, బతికినవీ తగ్గాయి. అంటే ఆ కబురే కణాలని కాపాడుతోంది కూడా.

ఒక అనుమానం న్యాయమైనదే. బ్యాక్టీరియా పెంకు ముక్కలు కాస్త కలిసినా టీఎల్ఆర్4 మోగుతుంది. వాడిన హయాలురోనన్ శుద్ధంగా లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ఈ రంగంలో ఆ వాదన గట్టిగానే నడిచింది.

నా పాత ఐటీ ఉద్యోగం భాషలో చెప్తాను. అలర్ట్‌ని మ్యూట్ చేసినంత మాత్రాన సర్వర్ బాగవదు. సర్వర్ బాగయ్యాక కూడా అలర్ట్ మోగుతూనే ఉంటే అదీ జబ్బే. దీన్ని విని డాక్టర్ ఇచ్చిన మందు మానేయకండి. కానీ వాపు అనగానే శత్రువు, అణిచేయాల్సిందే అనుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. కబురు అందాలి, రిపేరు జరగాలి, ఆ తర్వాత చెత్త ఎత్తాలి. గాయం మానడం అంటే ఈ మూడూ వరసగా జరగడమే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.