గద్వాలకు పొద్దు రెండు నిమిషాలు ఆలస్యం

నాగర్‌కర్నూల్‌లో నడినెత్తికి వచ్చిన పొద్దు వనపర్తి చేరడానికి ఒక నిమిషం పడుతుంది. అక్కడి నుంచి గద్వాలకు ఇంకో నిమిషం. గోడ గడియారాలు మాత్రం మూడు ఊళ్లలోనూ ఒకే టైము చూపిస్తాయి. నిజానికి ఆ రెండు నిమిషాల్లో పొద్దు నడిచిందేమీ లేదు. ఈ నేలే తూర్పుకు తిరిగింది, అదీ గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో.

ఈ సంగతి తెలియకపోయినా, పొద్దుపొడుపును కనిపెట్టి చూసినవాళ్లు పక్కనే ఉండేవారు. కృష్ణ ఒడ్డున, ఇప్పటి నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో మనిషికి రెండింతలు పొడవైన నిలువురాళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. 2016 దాకా ఆ ఊరూ, ఈ మూడు పట్టణాలూ ఒకే పాలమూరు జిల్లా. రాళ్ల వయసు మూడు వేల ఏళ్ల పైమాటే. కొన్ని వరసలు ఉత్తరాయణ, దక్షిణాయన వేళల పొద్దుపొడుపు, అస్తమయాలకు సూటిగా ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి.రావు చెప్పారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో వీటికి చోటు దక్కింది. ఊరివాళ్లకు మాత్రం అవి ఎప్పటి నుంచో దేవుళ్లే.

ఇక్కడ జూన్‌కూ డిసెంబరుకూ మధ్య సూర్యుడు ఉదయించే చోటు దాదాపు 49 డిగ్రీలు జరుగుతుంది. ఇది భూమి ఒరిగి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల. రోజూ తూర్పు నుంచి పడమరకు సాగే ప్రయాణం వేరు, అది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల. రెండూ కలగలిసిపోతే బడిపిల్లలే కాదు, పెద్దలూ తడబడతారు.

క్రీ.శ. 499లో, 23 ఏళ్ల వయసులో, ఆర్యభటుడు ఈ రెండో ముడి విప్పాడు. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, చుక్కల కదలికా అంతేనన్నాడు. పాలమూరువాళ్లకు ఇంతకంటే మంచి పోలిక ఉంది. కృష్ణలో గుండ్రటి పుట్టి ఎక్కి తెడ్డు ఆపితే అది గిర్రున తిరుగుతుంది, చుట్టూ ఉన్న ఒడ్డు ఎదురు తిరుగుతుంది. 628 నాటి బ్రహ్మగుప్తుడు మాత్రం ఒప్పుకోలేదు. భూమే తిరిగితే ఎత్తయినవి కూలిపోవా అని అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే!

కళ్లెదుటి రుజువు 1851లో పారిస్‌లో దొరికింది. ఫూకో అనే శాస్త్రవేత్త వేలాడదీసిన లోలకం ఊగే దిశ గంటగంటకూ మారింది. అక్కడ అది చుట్టు తిరగడానికి సుమారు 32 గంటలు పడుతుంది. అలాంటి లోలకాన్నే గద్వాల కోటలో కడితే మూడున్నర రోజులు పడుతుంది, భూమధ్యరేఖకు దగ్గర కదా.

1906లో దేశానికి ఒక ప్రామాణిక టైము వచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. గద్వాల దానికి పడమరన ఉంది కాబట్టి సగటున 19 నిమిషాలు వెనక, అంటే 24 నిమిషాల గడియకు అయిదు నిమిషాలు తక్కువ. అయితే ఈ తేడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నవంబరు మొదట్లో అక్కడ నీడ 12.02కే అన్నిటికంటే పొట్టిదవుతుంది. ఫిబ్రవరి మధ్యలో అదే నీడ కోసం 12.33 దాకా ఆగాలి.