లింకన్ పక్కన మేరీకి చోటు

అబ్రహాం లింకన్, ఆయన భార్య మేరీ కలిసి దిగిన ఫొటో ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. 1846 ప్రాంతంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇద్దరూ ఫొటోలు దిగారు గానీ, విడివిడిగానే. పిల్లల కోసం వచ్చిన లింకన్ జీవితకథల్లోనూ చాలాకాలం ఇదే తీరు. ఇద్దరి జీవితాలనూ ఒకే పుస్తకంలో సమానంగా చెప్పే రోజు రావడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది.

లింకన్ ఇంకా అధ్యక్షుడిగా ఉండగానే, 1863లో విలియం థేయర్ పిల్లల కోసం 'ద పయనీర్ బాయ్' రాశాడు. 1883లో హొరేషియో ఆల్జర్ అదే దారిలో మరో పుస్తకం తెచ్చాడు. మొద్దుల గుడిసెలో పుట్టిన పేదింటి కుర్రాడు కష్టపడి చదివి శ్వేతసౌధం చేరడమే వాటి సారాంశం. అలాంటి నీతికథకు ప్రేమగల సవతి తల్లి కావాలి, అరువు తెచ్చుకున్న పుస్తకాలు కావాలి. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో, బానిసలున్న సంపన్నుల ఇంట పుట్టి, ఫ్రెంచి నేర్చి, చిన్ననాటి నుంచే రాజకీయాలు వింటూ పెరిగిన మేరీ టాడ్ అందులో ఇమడదు.

పైగా లింకన్‌తో కలిసి లాయరుగా పనిచేసిన విలియం హెర్న్‌డన్‌కు మేరీ అంటే గిట్టదు. లింకన్ మనసిచ్చింది చనిపోయిన యువతి ఆన్ రట్లెడ్జ్‌కేనని 1866లో ఒక ఉపన్యాసంలో చెప్పి, 1889 నాటి తన పుస్తకంలో మేరీని గయ్యాళిగా చిత్రించాడు. ఆ ముద్ర తరాలపాటు చెరగలేదు.

బొమ్మలు కూడా కల్పనకు సాయపడ్డాయి. 1864లో లింకన్, చిన్నకొడుకు ట్యాడ్ కలిసి ఫొటో స్టూడియోలోని ఒక ఆల్బమ్ చూస్తుండగా తీసిన ఫొటో, తండ్రి కొడుక్కి బైబిల్ చదివి వినిపిస్తున్న దృశ్యంగా ఇళ్ల గోడలకెక్కింది. లింకన్ టీచరుకు రాశాడంటూ మన బడుల గోడల మీద కనిపించే ఉత్తరం కూడా ఈ కోవలోదే. అది ఆయన రాసినట్టు ఆధారం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో బొమ్మల నాణ్యత పెరిగింది గానీ, కథ పెద్దగా మారలేదు. జేమ్స్ డోహర్టీ బొమ్మలతో 1928లో వచ్చిన కార్ల్ శాండ్‌బర్గ్ పుస్తకం లింకన్ ఇల్లు విడిచే వయసు దగ్గరే ఆగింది. దోలేర్ దంపతులు రాతి పలకల మీద బొమ్మలు గీసి తెచ్చిన 1939 నాటి పుస్తకానికి మరుసటి ఏడాది పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం దక్కింది. అందులో లింకన్ హత్య ప్రస్తావనే లేదు. పసివాళ్లకు చావు గురించి చెప్పకూడదన్న జాగ్రత్త అది.

పెద్దల పుస్తకాల్లో గాలి ముందే మళ్లింది. 1953లో రూత్ పెయింటర్ రాండాల్, 1987లో జీన్ బేకర్ మేరీ జీవితాన్ని ఆధారాలతో తిరిగి రాశారు. ఆ 1987లోనే రసెల్ ఫ్రీడ్‌మన్ ఫొటోలతో లింకన్ జీవితాన్ని పిల్లలకు చెప్పాడు. దానికి 1988లో పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఊహించి గీసిన బొమ్మల చోట అసలు ఫొటోలు రావడంతో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఏడాదికేడాది వడలిపోయిన మనిషి ముఖం పిల్లల కళ్లబడింది.

ఆ దారినే నడిచి కాండేస్ ఫ్లెమింగ్ 2008లో 'ద లింకన్స్' రాసింది. ఇది స్క్రాప్‌బుక్ తరహా పుస్తకం. పాత పత్రికల పుటల్లాంటి పేజీల్లో ఉత్తరాలు, కార్టూన్లు, ఫొటోలు, చిన్న చిన్న కథనాలు పేర్చి ఉంటాయి. భర్త గుడిసె, భార్య మేడ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మరుసటి ఏడాది ఈ పుస్తకం బోస్టన్ గ్లోబ్ - హార్న్ బుక్ పురస్కారం అందుకుంది.

జంట కథగా చెప్పడం వల్ల లాభం మేరీ ఒక్కదానికే కాదు. నలుగురు కొడుకుల్లో ఎడ్డీ 1850లో, విల్లీ 1862లో పోయారు. యుద్ధం నడిపిన అధ్యక్షుడు బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కూడా. ఇక కథ 1865లో నాటకశాలలో జరిగిన లింకన్ హత్యతో ముగిసిపోదు. పెద్దకొడుకు రాబర్ట్ వేసిన కేసులో 1875లో జ్యూరీ మేరీకి మతి చలించిందని తేల్చింది. ఆమె కొన్ని నెలలు ఆసుపత్రిలో గడిపింది. 1876లో మరో జ్యూరీ ఆ తీర్పును తిరగేసింది. నిజంగా జబ్బా, అన్యాయమా అన్నది చరిత్రకారుల్లో ఇప్పటికీ తేలని వాదం. మహాపురుషుడి కథతో నీతి నేర్పాలనుకున్న పాత పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్నకు తావు ఉండేది కాదు. పిల్లలు ఆధారాలు చూసి తమంతట తాము ఆలోచించగలరని నమ్మిన తర్వాతే అది వాళ్ల పుస్తకంలోకి వచ్చింది.