తాళ్లకొండపాడు నాగమ్మ: ఒంగోలు సీమ బాప్తిస్టు ఇల్లాళ్ల చరిత్ర

ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాల చరిత్ర ఎక్కువగా మిషనరీల పేర్లతో, బాప్తిస్మాల లెక్కలతో నడుస్తుంది. బాప్తిస్టులంటే పసిబిడ్డలకు కాక, విశ్వాసాన్ని తమ నోట ఒప్పుకున్నవారికి మాత్రమే నీటిలో పూర్తిగా ముంచి బాప్తిస్మమిచ్చే క్రైస్తవ శాఖవారు. అందువల్ల ఈ శాఖలో తల్లి విశ్వాసం బిడ్డకు పుట్టుకతో రాదు. బిడ్డ ఎదిగి తానుగా అడిగేదాకా ప్రార్థన, వాక్యం, నడవడి ఇంట్లోనే నేర్పవలసి ఉంటుంది. ఆ నేర్పే పని ప్రధానంగా తల్లిదే అయినా, సంఘ చరిత్రల్లో ఇల్లాళ్ల పేర్లు బహు తక్కువ. అలా నిలిచిన కొద్ది పేర్లలో నాగమ్మది ఒకటి.

అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషన్ 1840లో శామ్యూల్ డే నెల్లూరు చేరడంతో అక్కడ స్థిరపడింది. ఫలితం కనిపించక దానిని మూసివేయాలన్న చర్చ 1853లో అమెరికాలో జరిగిన మరుసటి ఏడు, 1854 జనవరి 1న, ఒంగోలు కొండపై తెల్లవారుజామున ఐదుగురు కూడి ప్రార్థించారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల తెలుగు క్రైస్తవుడు, రూతు, జూలియా ఆ ఐదుగురు. వారిలో ముగ్గురు స్త్రీలన్న సంగతిని చరిత్రకారులు చెప్పి దాటిపోతారు గాని, అక్కడ ఆగి ఆలోచించవలసి ఉంది. బాలికగా ఆ కొండ ఎక్కిన జూలియా తరువాత తెలుగు బోధకుడు కనకయ్యకు భార్య అయ్యారు.

నాగమ్మది ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరాన ఉన్న తాళ్లకొండపాడు. ఆమె భర్త యర్రగుంట్ల పేరయ్య తోలు పనిచేసే మాదిగ కుటుంబీకుడు; క్రైస్తవానికి ముందే రాజయోగ బోధను అనుసరించినవాడు; తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు గోదావరి ప్రాంతపు మిషనరీల మాటలు విన్నవాడు. 1866లో దంపతులిద్దరూ బాప్తిస్మం పొందారు. అదే ఏడు ఒంగోలులో కాపురం పెట్టిన మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే ఆయన తాళ్లకొండపాడు దగ్గరి చింతతోపులో బస చేయగా, చుట్టుపక్కల పల్లెలవారు అన్నం మూటలతో వచ్చి రోజుల తరబడి వాక్యం విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు.

కొత్తగా చేరినవారికి క్లౌ విధించిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ నియమాలను మగవారు సంఘం ముందు ఒప్పుకుంటే, పొయ్యి దగ్గర నెరవేర్చవలసిన భారం ఆడవారి మీద పడింది. రైతు ఇంట చచ్చిన పశువును మోసుకుపోవడం మాదిగల బాధ్యతా, హక్కూ కూడా. దాని తోలును లందలో, అంటే తంగేడు చెక్క వేసి తోలు ఊనబెట్టే తొట్టిలో, పదును చేసి చెప్పులు, కపిల బానలు కుట్టేవారు. మాంసాన్ని ఇళ్లవారీగా పంచుకునేవారు. కరవు నెలల్లో కుండలో ఉడికేది అదే. దానిని వద్దనుకున్న ఇల్లాలు ఆ పూట పిల్లలకు ఏమి వండిపెట్టాలో తానే చూసుకోవాలి. ఆదివారం కోతకు వెళ్లకపోతే మేరకు, అంటే చేసిన ఊడిగానికి కళ్లంలో కొలిచే ధాన్యానికి, ముప్పు వచ్చేది. జాతరలో డప్పు కొట్టనన్న ఇంటివారిని ఊరి పెత్తందారులు వెలివేసిన సందర్భాల్లో నీళ్లకూ, కుండకూ, ఉతికిన బట్టకూ కటకట పడినది ముందుగా ఆ ఇంటి ఆడదే. ఈ బాప్తిస్టు ఉద్యమ చరిత్రలో అసలైన నిలకడ ఈ ఇల్లాళ్లదేనని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

1876-78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కరవు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య ప్రపంచమంతటి బాప్తిస్టు చరిత్రల్లోకి ఎక్కింది. అందులోని తల్లులు ఇళ్లకు తిరిగి వెళ్లి పెంచిన బిడ్డలే తరువాతి కాలంలో మిషన్ బడుల పలకలు పట్టారు, ఉపాధ్యాయులయ్యారు, నర్సులయ్యారు. చదువురాని తల్లి, విన్న వాక్యాన్ని కంఠతా పట్టి, రాత్రి దీపం ముందు బిడ్డలచేత వల్లె వేయించడం ఈ పల్లెల్లో మొన్నమొన్నటి దాకా కనిపించిన అలవాటు. ఒక తరంలోనే లంద దగ్గరి నుంచి నల్లబల్ల దగ్గరికి జరిగిన ఈ ప్రయాణంలో మిషనరీల వంతు గ్రంథస్థమైంది, తల్లుల వంతు కాలేదు.

నాగమ్మ పేరైనా మిగలడానికి కారణం ఆమె భర్త కథను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలోకి ఎక్కించడమే. అలా రాసేవారు లేని ఇల్లాళ్లు వేలమంది. ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతాల బాప్తిస్టు కుటుంబాలు తమ నాయనమ్మల, అమ్మమ్మల పేర్లు, పుట్టిళ్లు, బాప్తిస్మం పొందిన ఊరు, వారు నేర్పిన పాటలు పెద్దలు బతికి ఉండగానే రాసి సంఘ పుస్తకాల్లో చేర్పించాలి.