తెల్లవారని నిద్ర: డెస్టినీ ఓడ గాథ

2011 మే 9, సోమవారం రాత్రి అమెరికాలోని సైఫై చానల్‌లో ఒక అంతరిక్ష నౌక నిద్రపోయింది. దాని పేరు డెస్టినీ. అందులోని మనుషులు ఒక్కొక్కరే నిద్రపేటికల్లోకి వెళ్లి కళ్లు మూసుకున్నారు. మూడేళ్ల తర్వాత, మరో నక్షత్రమండలం అంచున కళ్లు తెరుస్తామన్నది వాళ్ల ఆశ. వాళ్లు కళ్లు తెరవడాన్ని ఆ తెర మీద ఎవరూ చూడలేదు. పధ్నాలుగేళ్లుగా ఏదో ఒక రూపంలో సాగుతూ వచ్చిన స్టార్‌గేట్ కథల వంశం టీవీలో ఆ రాత్రితో ఆగిపోయింది.

వంశమనే అనాలి. 1994లో వచ్చిన సినిమా దానికి మూలపురుషుడు. 1997 జులైలో మొదలైన ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ పది సీజన్లు నడిచింది, 214 ఎపిసోడ్లు. దాని కడుపున 2004లో ‘అట్లాంటిస్’ పుట్టి నూరు ఎపిసోడ్లు పూర్తి చేసింది. వాటి అభిమానులు వారం వారం చూసినవాళ్లే కాదు, ఆ పాత్రలతో కలిసి వయసు మీదపడినవాళ్లు. అట్లాంటిస్‌ను ఆపేస్తున్నారన్న వార్త, దాని వెనకే మూడో కథ మొదలవుతోందన్న వార్త ఒకే కాలంలో వచ్చాయి. చాలామంది అభిమానుల మనసులో అన్నకు అన్యాయం చేసి తమ్ముణ్ణి గద్దె ఎక్కించినట్టయింది. ‘స్టార్‌గేట్ యూనివర్స్’ పుట్టకముందే దాని మీద కోపం పుట్టింది.

బ్రాడ్ రైట్, రాబర్ట్ కూపర్ సృష్టించిన ఆ మూడో కథ 2009 అక్టోబర్ 2న మొదలైంది. శత్రువుల దాడిలో ఒక స్థావరం కూలిపోతుంటే ప్రాణాలు దక్కించుకోవడానికి సైనికులు, శాస్త్రవేత్తలు, సాధారణ ఉద్యోగులు ఒక ద్వారం గుండా దూకుతారు. తేలింది భూమికి కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. ఒక ప్రాచీన జాతి లక్షల ఏళ్ల కిందట మనుషులు లేకుండా వదిలిన ఓడ అది. దాన్ని నడపడం తెలిసినవాళ్లు లేరు. లోపల పీల్చడానికి సరిపడా గాలి కూడా లేదు. గాలి పోతున్న చోట తలుపు లోపలి నుంచే మూయాలి. ఒక సెనేటర్ వెళ్లి ఆ తలుపు మూసి, అక్కడే ప్రాణం విడిచాడు. మొదటి ఎపిసోడ్‌లోనే, ఒకరు వెనక ఉండిపోతే తప్ప మిగతావాళ్లు బతకని లోకం అదని తేలిపోయింది.

ఈ కథ అన్నల్లా నవ్వుతూ, సాహసాలు చేస్తూ పరుగెత్తలేదు. చీకట్లో నెమ్మదిగా నడిచింది. రాబర్ట్ కార్లైల్ పోషించిన డాక్టర్ నికొలస్ రష్, విశ్వం ఆరంభంలో దాగిన ఒక సందేశం కోసం అందరినీ పణంగా పెట్టగలడు. కల్నల్ యంగ్ తన మనుషుల్ని కాపాడాలనుకుంటాడు, కానీ తన కోపాన్ని అదుపు చేసుకోలేడు. వీళ్లిద్దరి నడుమ ఈలై వాలెస్ అనే కుర్రాడు. చదువు మధ్యలో వదిలేసి, జబ్బుతో ఉన్న తల్లి దగ్గర ఉంటూ వీడియోగేములు ఆడుకునేవాడు. ఒక గేములో దాచిపెట్టిన లెక్కను విప్పినందుకు అతణ్ణి ఇంటి నుంచి తీసుకుపోయారు.

ఈ కథలో గొప్ప ఘట్టాలున్నాయి. ఓడ ఒక నక్షత్రం వైపు దూసుకుపోతుంటే అంతా చావుకు సిద్ధపడతారు. తీరా చూస్తే ఓడ ఆ నక్షత్రంలో మునిగి తన శక్తిని నింపుకుని బయటికొస్తుంది. చావనుకున్నదే ఊపిరి అవుతుంది. అంతటి ఊహ చేయగలిగిన రచయితలు వాళ్లు.

అయితే వాళ్లు ప్రేక్షకుల ఓర్పును పదేపదే పరీక్షించారు. 2009 డిసెంబర్‌లో యంగ్ ఒక నిర్జన గ్రహం మీద రష్‌ను కొట్టి వదిలేసి వచ్చాడు. కథ అక్కడ ఆగింది. మళ్లీ మొదలైంది 2010 ఏప్రిల్‌లో. సీజన్ చివర శత్రువులు ఓడను ఆక్రమించి, ఓడలోని టీజే అనే గర్భిణికి తూటా తగిలిన చోట మరో విరామం. ఆ బిడ్డ ఏమైందో తెలియడానికి సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. వారపత్రికల సీరియళ్లు చదివిన తెలుగు పాఠకులకు ఈ ఎదురుచూపు బాగా తెలుసు. వారం రోజుల ఎదురుచూపు ఆకలి పెంచుతుంది. నాలుగు నెలల ఎదురుచూపు ఆకలిని చంపుతుంది. మొదటి రాత్రి ఇరవై లక్షలకు పైగా చూసిన ఈ సీరియల్‌ను రెండో సీజన్ నాటికి చూస్తున్నవాళ్లు అందులో సగమే. పైగా శుక్రవారం నుంచి మంగళవారానికి మార్చారు. కథల యజమాని అయిన ఎంజీఎం సంస్థ 2010 నవంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది.

2010 నవంబర్ 30న, మానవరహిత యుద్ధనౌకల గుంపు డెస్టినీని చుట్టుముట్టిన క్షణంలో కథను మళ్లీ ఆపారు. ఈసారి విరామం మధ్యలోనే తీర్పు వచ్చింది. డిసెంబర్ 16న సైఫై చానల్ మూడో సీజన్ లేదని ప్రకటించింది. మార్చిలో ప్రేక్షకులు తిరిగొచ్చేసరికి, ఆ ఓడలో ఎవరికీ తెలియని సంగతి వాళ్లకు తెలుసు. మిగిలినవి పది ఎపిసోడ్లు. ఆ పాత్రలు రేపటి గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ చూసేవాళ్ల గొంతు పట్టేసింది.

చివరి ఎపిసోడ్ ‘గాంట్లెట్’. దాన్ని రాసినప్పుడు అది చివరిదని అనుకోలేదు. సీజన్ ముగింపుగానే రాశారు. ఆ మండలంలో ఏ నక్షత్రం దగ్గర ఆగినా శత్రువులు కాచుకుని ఉన్నారు. ఎక్కడా ఆగకుండా ఒక్క దూకులో మండలం దాటాలి. అందుకు ఓడలోని శక్తంతా కావాలి కాబట్టి మనుషులు నిద్రలోకి పోవాలి. లెక్క కొంచెం తప్పినా మూడేళ్ల నిద్ర వెయ్యేళ్లు కావచ్చు. ఒక పేటిక బాగుపడలేదు. ఒకరు బయట ఉండాలి. ఆ పేటికను బాగుచేసుకోవడానికి రెండు వారాల ఊపిరి మాత్రమే ఉంటుంది. యంగ్ తానుంటానన్నాడు. రష్ తానుంటానన్నాడు. చివరకు ఉన్నది ఈలై. రష్ కంటే తనకే తెలివి ఎక్కువని ఆ రోజు ధైర్యంగా చెప్పగలిగాడు. అందరూ నిద్రపోయాక ఓడంతా నడిచి వెళ్లి, కిటికీ ముందు నిలబడి, వెనక్కి పోతున్న వెలుగుల్ని చూసి చిరునవ్వు నవ్వాడు. దీపాలు ఆరిపోయాయి.

ఈలై పేటిక బాగుపడిందా? ఓడ ఆవలి ఒడ్డు చేరిందా? విశ్వం ఆదిలోని ఆ సందేశం ఏమిటి? జవాబుల్లేవు. కథను సినిమాగా ముగించాలన్న ఆలోచనలు సాగలేదు. 2017లో కామిక్ పుస్తకాలు వచ్చాయి, కానీ ఆ నటుల ముఖాలతో, ఆ గొంతులతో డెస్టినీ తిరిగి మేల్కోలేదు.

ఇలాంటి గాయానికి మందు లేకపోలేదు. అదే చానల్ 2002లో ‘ఫార్‌స్కేప్’ను రద్దు చేసింది. 2003 మార్చిలో నాయకుడూ నాయికా పడవలో ముక్కలుగా రాలిపోయిన చోట ఆ కథ ఆగింది. అభిమానులు ఊరుకోలేదు, ఉద్యమించారు. 2004 అక్టోబర్‌లో రెండు భాగాల ముగింపు వచ్చింది. డెస్టినీకి ఆ అదృష్టం పట్టలేదు. దాని కోసం పోరాడాల్సిన వంశాభిమానుల్లో చాలామంది ముందే దూరమయ్యారు.

అయినా ఆ చివరి రాత్రి చూసినవాళ్లలో ఒక విచిత్రమైన తృప్తి మిగిలింది. అన్ని చిక్కులూ విప్పి ముగిసిన ఎన్నో సీరియళ్లు ఇవ్వలేని తృప్తి అది. ఎందుకంటే కథ తెగిపోయినా మనిషి పూర్తయ్యాడు. ఇంట్లో కూర్చుని కాలం గడిపిన కుర్రాడు అందరి ప్రాణాల బాధ్యతా తన భుజాన వేసుకుని నిలబడ్డాడు. మొదటి ఎపిసోడ్‌లో సెనేటర్ మూసిన తలుపుకు అతని చిరునవ్వే జవాబు. ప్రేక్షకుడు కోరేది రహస్యాల జాబితాకు సమాధానాలు కాదు. తాను ప్రేమించిన మనిషి ఎక్కడికి చేరాడో తెలియడం. అది తెలిస్తే మిగిలిన చీకటిని భరించగలడు.

కానీ ఈ తృప్తి అదృష్టవశాత్తూ దక్కింది, ఎవరూ బాధ్యతగా ఇచ్చింది కాదు. ఉత్కంఠలో కథ ఆపడమంటే ప్రేక్షకుడికి మాట ఇవ్వడం. ఆ మాట ఇచ్చేది రచయిత, నిలబెట్టే అధికారం మాత్రం చానల్‌ది. ఈ రెంటికీ మధ్యే డెస్టినీ పడిపోయింది. కథల్ని కొని నడిపే సంస్థలకు ఒక్కటే విన్నపం: నష్టమొస్తే ఆపండి, అది మీ హక్కు. కానీ ఆపే ముందు ఆ కథకులకు ఒక్క గంట ఇవ్వండి. ఏళ్ల తరబడి మీ తలుపు దగ్గర నిలబడిన ప్రేక్షకుడికి అంత మాత్రం బాకీ ఉన్నారు.