గ్యాస్ హీటరు దానంతట అదే ఎందుకు ఆరిపోతుంది?

అమెరికాలో స్థిరపడిన పిల్లల ఇళ్లకు వెళ్లివచ్చిన పెద్దలలో చాలామంది, చేతితో పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోగల చిన్న ప్రొపేన్ హీటరును చూసే ఉంటారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రాన్ని మంచుతుపాను కమ్మి లక్షలాది ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, హ్యూస్టన్, డాలస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు కూడా ఆ చలిని చవిచూశాయి. ఇంట్లోకి తెచ్చుకున్న బొగ్గుల పొయ్యిలు, గ్యారేజీలో నడిపిన కార్లు, జనరేటర్లు ఆ కొద్ది రోజులలోనే ఎందరినో కార్బన్ మోనాక్సైడ్ విషానికి గురిచేశాయి. కొందరు తిరిగి లేవలేదు.

ఈ హీటరు గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కొంతసేపు చక్కగా మండుతుంది, తరువాత దానంతట అదే ఆరిపోతుంది. వెంటనే మనవాళ్లు దానిని విప్పి బాగుచేయడానికి పూనుకుంటారు. స్క్రూడ్రైవరు అందుకునే ముందు, ఆ ఆరిపోయే గుణం దానికి ఎలా అబ్బిందో తెలుసుకోవడం మంచిది.

మూసిన గదిలో మంట మనిషిని ఎలా చంపుతుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. కుంపటి పెట్టుకుని పడుకున్నవారు తెల్లవారేసరికి విగతజీవులై ఉండేవారు. ముఖంలో బాధ ఉండేది కాదు, చర్మం గులాబీ రంగులో ఉండేది. 1857 ప్రాంతంలో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఈ చిక్కుముడిని విప్పాడు. కార్బన్ మోనాక్సైడ్ ఎర్ర రక్తకణాలలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. హిమోగ్లోబిన్‌కు దానిపై ఉన్న మక్కువ, ప్రాణవాయువుపై ఉన్న దానికంటె 200 రెట్లకు పైమాటే. అందుచేత గాలిలో అది కొద్దిపాటి ఉన్నా, గంటలు గడిచేకొద్దీ రక్తమంతా దాని వశమవుతుంది. ఇంత తెలిసిన తరువాత కూడా, 1902లో పారిస్‌లో సుప్రసిద్ధ నవలా రచయిత ఎమిల్ జోలా పడకగదిలోనే ఈ వాయువుకు బలయ్యాడు. పొగగొట్టం సరిగా లాగకపోవడమే కారణం. భార్య మాత్రం బతికి బయటపడింది.

ఈ విషం సంగతి మనకు బోధించినవారిలో నాకు అందరికంటె గౌరవం స్కాట్లండ్ వైద్యుడు జాన్ స్కాట్ హాల్డేన్ మీద. 1895లో ఆయన ఈ వాయువును తానే పీల్చి, తన రక్తంలో సగానికి పైగా హిమోగ్లోబిన్ దాని పాలయ్యే వరకు లక్షణాలను వరుసగా రాసిపెట్టాడు. మరుసటి ఏడు జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 57 మంది మరణించారు. మృతదేహాలను పరీక్షించిన హాల్డేన్, వారిలో అత్యధికులు పేలుడు దెబ్బకు కాక, ఆ తరువాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్‌కు చనిపోయారని తేల్చాడు. గనిలోకి దిగేవారు చుంచులనో చిన్న పక్షులనో వెంట తీసుకువెళ్లాలని సూచించినది ఆయనే. చిన్న ప్రాణికి ఊపిరి వేగం ఎక్కువ, అందువల్ల మనిషికంటె ముందే సొమ్మసిల్లుతుంది. కేనరీ పిట్టలు బ్రిటన్ గనులలో ఆ కొలువు 1986 దాకా చేశాయి. ఆ పైన ఎలక్ట్రానిక్ పరికరాలు వాటిని సాగనంపాయి.

ఇక ప్రొపేన్ కథ. 1910లో అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, పెట్రోలు నుంచి వృథాగా ఆవిరైపోయే వాయువులలో ఇది ఉన్నదని కనుగొన్నాడు. దానిని ఒత్తిడితో ద్రవంగా మార్చి సీసాలో పట్టవచ్చునని తేలడంతో, గొట్టపు గ్యాసు లేని ఇళ్లకు కూడా పొయ్యి, దీపం చేరాయి. అయితే ఈ గ్యాసుకు సహజంగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసన లేని సహజవాయువు నేల కింద చేరి పేలి, సుమారు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు మరణించారు. గ్యాసులో దుర్వాసన ద్రవ్యం కలిపి తీరాలన్న చట్టాలు ఆ ఘోరం తరువాత వచ్చినవే. మన వంటింటి సిలిండరు లీకైనప్పుడు ముక్కుకు తగిలే ఆ వాసన కూడా అటువంటి ద్రవ్యానిదే. దానిని విసుక్కునేవారు ఆ పిల్లలను ఒకసారి తలచుకోవాలి.

వాసన లీకు సంగతి చెబుతుంది. గదిలో ప్రాణవాయువు తరిగిపోతున్న సంగతి మాత్రం చెప్పదు. దానికోసం వచ్చినదే మన హీటరులోని ఆక్సిజన్ సెన్సరు. పొగగొట్టం లేని గ్యాసు హీటర్లకు ఇది అమెరికాలో 1980ల నుంచి తప్పనిసరి భాగమైంది. పేరు ఘనంగా ఉన్నా పని సులువు. పైలట్ మంట కొస దగ్గర థర్మోకపుల్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. రెండు లోహాల అతుకు వేడెక్కితే స్వల్పంగా విద్యుత్తు పుడుతుందని 1821లోనే జీబెక్ కనుగొన్నాడు. కొద్ది మిల్లీవోల్టుల ఆ విద్యుత్తే గ్యాసు వాల్వును తెరిచి ఉంచుతుంది. మామూలు గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. అది సుమారు 18 శాతానికి దిగితే పైలట్ మంట తన చోటు వదిలి పైకి లేస్తుంది, కడ్డీ చల్లారుతుంది, వాల్వు మూసుకుంటుంది. మీరు దోషమనుకున్నది ఇదే.

కనుక మొదట హీటరును ఆరుబయట, గాలి వీచని చోట వెలిగించి చూడండి. అక్కడ ఆగకుండా మండితే దోషం గదిలో ఉన్నది, హీటరులో లేదు. కిటికీ తెరవాలి. ఆరుబయట కూడా మీట వదిలిన వెంటనే ఆరిపోతే, థర్మోకపుల్ వేడెక్కేదాకా మీటను అర నిమిషం నొక్కి ఉంచి చూడాలి. అప్పటికీ నిలవకపోతే కడ్డీకి మసి పట్టి ఉండవచ్చు, లేదా బిగింపు వదులై ఉండవచ్చు. పైలట్‌కు గాలి అందించే చిన్న రంధ్రంలో దుమ్ము చేరడం, సాలెపురుగు గూడు కట్టడం తరచుగా జరిగేదే. సిలిండరు విప్పివేసి, హీటరు పూర్తిగా చల్లారిన తరువాత గాలి ఊది శుభ్రం చేయాలి. సూదితో పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే లెక్కంతా తప్పుతుంది. సుమారు 7,000 అడుగులు దాటిన కొండల మీద గాలి పలుచన గనుక, దోషమేమీ లేకున్నా ఇది ఆరిపోవచ్చు.

మంట పచ్చగా లేచినా, మసి కట్టినా వాడకం ఆపి నిపుణునికి చూపించాలి. కొత్త సిలిండరు బిగించిన ప్రతిసారీ అతుకుల వద్ద సబ్బునీరు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఈ గ్యాసు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది, లీకైతే నేలమీదనే పరుచుకుంటుంది. చలికి ఒత్తిడి తగ్గిందని సిలిండరును మంటతోగానీ మరిగే నీటితోగానీ వెచ్చచేసే సాహసం వద్దు. సెన్సరును తప్పించి నడిపే చిట్కాలు కూడా కొందరు చెబుతుంటారు. పక్షి అరుస్తున్నదని దాని మెడ నులిమినట్లే అది.

ఇంకొక సంగతి హీటరు పెట్టె మీద చిన్న అక్షరాలలో ఉంటుంది. ఈ సెన్సరు ప్రాణవాయువును మాత్రమే కనిపెడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. బర్నరు చెడి గ్యాసు అరకొరగా మండితే, ప్రాణవాయువు సరిపడా ఉన్న గదిలోనే విషం పుడుతుంది. సెన్సరుకు ఆ సంగతి తెలియదు. అందుకే బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా ఉండాలి, నిద్రకు ముందు హీటరు ఆర్పివేయాలి. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో, విహారానికి వెళ్లిన 8 మంది కేరళవాసులు, నలుగురు పిల్లలతో సహా, గ్యాసు హీటరు పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్న హోటలు గదిలో స్పృహ కోల్పోయి మరణించారు.

అటువంటి గదిలో ఒకరికి తలనొప్పి, వికారం, తూలుడు మొదలైతే దానిని పైత్యమనో జలుబనో అనుకోవద్దు. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఇక అనుమానమే అక్కరలేదు. ముందు అందరినీ బయటికి తీసుకురండి, హీటరు సంగతి తరువాత. వేలికి తగిలించే ఆక్సీమీటరు 98 అని చూపినా నమ్మవద్దు. మామూలు ఆక్సీమీటరు విషం పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంగానే లెక్కిస్తుంది. గది గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, స్వచ్ఛమైన ఆక్సిజన్ మాస్కుతో గంటన్నర లోపే. ఆసుపత్రికి చేరగానే "మూసిన గదిలో గ్యాసు హీటరు" అన్న మాట డాక్టరుకు ముందుగా చెప్పండి.