అయిదడుగుల దారి

ఉద్యోగం మీద కౌలాలంపూర్ వచ్చిన కొత్తల్లో, 2006 అనుకుంటా, ఒక ఆదివారం మధ్యాహ్నం మిత్రుడితో కలిసి బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళాను. అక్కడ అరిటాకు భోజనం దొరుకుతుంది, పార్కింగ్ దొరకదు. మావాడు కారు ముందు చక్రాలు పేవ్‌మెంట్ మీదికి ఎక్కించేసి, "అయిదు నిమిషాలే గురూ, పార్సిల్ పట్టుకొచ్చేస్తా" అని దిగి వెళ్ళిపోయాడు. నేను కార్లోనే కూర్చున్నాను.

ఇంతలో ఒక పెద్దాయన తెల్లకర్రతో నడుచుకుంటూ వచ్చాడు. కర్ర బంపర్‌కి తగిలింది. ఆయన ఆగి, బానెట్‌ని చేత్తో తడిమి చూసుకుని, రోడ్డు మీదికి దిగాడు. బస్సులు పోయే రోడ్డు! కారు చుట్టూ తిరిగి మళ్ళీ పేవ్‌మెంట్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పేవ్‌మెంట్ మీద ఉబ్బెత్తు గీతలతో ఉన్న పసుపు పలకల్ని అప్పటిదాకా నేను అలంకారం అనుకునేవాణ్ణి. గీతలుంటే "పద", చుక్కలుంటే "ఆగు, చూసుకో" అని అర్థమట. 1967లో జపాన్‌లోని ఒకాయామాలో మియాకే సెయిచి అనే ఆయన మొదటిసారి వేయించాడు. మలేషియా అంధుల సంఘం 1951లో పుట్టింది. దాని కేంద్రం బ్రిక్‌ఫీల్డ్స్‌లోనే ఉంది కనక, చూపులేనివాళ్ళు చాలామంది ఈ పేటలోనే చదువుకుంటారు, పని చేసుకుంటారు. మేము కారు ఎక్కించింది వాళ్ళ దారి మీదికన్నమాట.

తప్పు చేశాక చరిత్ర తవ్వడం నాకున్న జబ్బు. తవ్వితే తేలిందేమిటంటే, ఈ ఊళ్ళో నడిచేవాళ్ళ గురించి ఆలోచించడం కొత్తేమీ కాదు. 1822లోనే రాఫిల్స్ దొర సింగపూర్‌లో ఒక నియమం పెట్టాడు: వీధి పొడుగునా ప్రతి ఇంటి ముందూ కప్పున్న వసారా వదలాలి, అందులోంచి ఎవరైనా ఎప్పుడైనా నడవవచ్చు. ఎండా వానా తగలకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పోవచ్చు. నేల కొట్టువాడిది, నడక అందరిదీ. దీన్నే మలయ్‌లో కాకి లిమా అంటారు. మన కాకికీ దీనికీ సంబంధం లేదు, కాకి అంటే అడుగు, లిమా అంటే అయిదు.

1881 జనవరిలో కౌలాలంపూర్ తగలబడింది, అదే ఏడాది డిసెంబరులో వరదొచ్చింది. చెక్క గోడలూ ఆకుల కప్పులూ పోయాయి. మరుసటి ఏడాది రెసిడెంట్‌గా వచ్చిన స్వెట్టెన్‌హామ్ ఇటుకలతో, పెంకులతో కట్టాలని పట్టుబట్టాడు. ఆ ఇటుకలు కాల్చిన చోటే బ్రిక్‌ఫీల్డ్స్. కొత్త కొట్లతోపాటే అయిదడుగుల వసారాలూ వచ్చాయి.

నియమం బాగానే ఉంది కానీ కొట్టువాడు ఊరుకుంటాడా? బస్తాలు పెట్టాడు, బల్లలు వేశాడు. 1888లో సింగపూర్‌లో మునిసిపాలిటీ ఈ వసారాలు ఖాళీ చేయించబోతే ఏకంగా అల్లర్లే జరిగాయి! వ్యాపారులవైపూ న్యాయం లేకపోలేదు. ఆ అయిదడుగుల్లోనే ఎందరికో బతుకు.

ఇంకో చిక్కుంది. అది మా అమ్మ వచ్చినప్పుడుగానీ నాకు తెలియలేదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పాత కొట్ల వరస చూపిద్దామని తీసుకెళ్తే, పది కొట్లు దాటేసరికి కూలబడిపోయింది. ఒక కొట్టు ముందు మెట్టెక్కాలి, పక్కకొట్టు దగ్గర దిగాలి. "ఎవరి అరుగు వాళ్ళు కట్టుకున్నార్రా, దారి ఎవరూ కట్టలేదు" అంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఎవరి మాడ్యూల్ వాళ్ళది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రెండూ కలిసేచోటే కొంప మునుగుతుంది. చక్రాల కుర్చీ మనిషికి తొంభై తొమ్మిది కొట్లు చదునుగా ఉండి లాభమేమిటి, నూరోదాని ముందు మెట్టుంటే?

2008లో మలేషియా వికలాంగుల చట్టం తెచ్చింది. బహిరంగ స్థలాలు వాడుకునే హక్కు అందులో రాశారు, అడ్డుకున్నవాడికి శిక్ష మాత్రం రాయలేదు. 2010 అక్టోబరులో మన్మోహన్ సింగ్, నజీబ్ కలిసి బ్రిక్‌ఫీల్డ్స్‌ను లిటిల్ ఇండియాగా ప్రారంభించారు. తోరణాలొచ్చాయి, రంగులొచ్చాయి. మనకది అందం. కానీ అడుగులు లెక్కపెట్టుకుని, గోడలు గుర్తుపెట్టుకుని నడిచేవాడికి వీధి మారిపోతే ఊరే మారినట్టు. అతను దాన్ని మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

రాఫిల్స్ నుంచి పసుపు పలకల దాకా రెండు వందల ఏళ్ళు. దారి వదలమని చెప్పే నియమానికి ఎన్నడూ కొదవ లేదు. దాన్ని ప్రతిసారీ తెంపింది మాలాంటివాళ్ళ "అయిదు నిమిషాలే".

ఈమధ్య సెలవుకి విజయవాడ వెళ్ళినప్పుడు మా బావమరిది బండి ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. దింపమన్నాను. "అక్కడికెళ్ళి పెద్ద దొరవైపోయావు బావా" అని నవ్వాడు. దొరతనం కాదు, ఆ పెద్దాయన బానెట్ తడిమిన చెయ్యి ఇంకా కనిపిస్తుందని చెప్పలేక, నేనే దిగి బండి కిందకి తోశాను.